వీగన్ ఎంపనాడాకి కావలసినవన్నీ రాయగడ సంతలోనే ఉన్నాయి

వీగన్ ఎంపనాడా, అంటే మాంసం, పాలు, గుడ్డు ఏవీ లేని ఎంపనాడా, ఎలా చెయ్యాలో నెట్‌లో వెతికితే ముందు కనిపించేది కొనుక్కోవలసిన సరుకుల చిట్టా. వీగన్ బటర్, కీమాలా కనిపించే సోయా ముద్ద, గుడ్డుకు బదులు వేసే పొడి, జీడిపప్పు చీజ్. ఇవి చేతికొస్తే గాని పని మొదలుపెట్టకూడదన్నట్టు రాస్తారు. ఒడిశాలోని రాయగడలో ఉండే మాలాంటి వాళ్లకు వీటిలో సగం దొరకవు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, చల్లగా ఉండాల్సిన సరుకు దారిలోనే కరిగి ముద్దయిపోతుంది. దాంతో "ఇది పెద్ద ఊళ్లవాళ్ల వంటలే" అనుకుని చాలామంది వదిలేస్తారు.

వదిలెయ్యొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎంపనాడాలో వెన్న చేసే పనేమిటో, గుడ్డు చేసే పనేమిటో, మాంసం చేసే పనేమిటో విడివిడిగా తెలుసుకుంటే చాలు. ఆ పనులన్నీ చేసిపెట్టే సరుకు మన సంతలోనూ, కిరాణా కొట్టులోనూ ఎప్పటినుంచో ఉంది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం దేనికి?

ఎంపనాడా తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. పిండిలో కొవ్వు కలిపి, గుండ్రంగా వత్తి, మధ్యలో కూర పెట్టి సగానికి మడిచి, అంచు మూసి కాల్చే వంటకం ఇది. కొన్నిచోట్ల నూనెలో వేయిస్తారు. స్పెయిన్ వాయవ్య మూలనున్న గలీసియాలో దీన్ని పళ్లెమంత పెద్దగా చేసి ముక్కలు కోసుకుంటారు. స్పెయిన్ వాళ్లతోపాటు సముద్రం దాటి దక్షిణ అమెరికా చేరాక చేతిలో పట్టేంత చిన్నదైంది. అర్జెంటీనాలో ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిదే. టుకుమాన్‌లో గొడ్డుమాంసాన్ని కత్తితోనే సన్నగా తరుగుతారు, సాల్టాలో బంగాళదుంప ముక్కలు కలుపుతారు. చిలీలో ఉల్లిపాయ, మాంసంతోపాటు ఉడికించిన గుడ్డు ముక్క, ఆలివ్, ఎండుద్రాక్ష పెడతారు. కొలంబియా, వెనిజులాల్లో పై పొర మొక్కజొన్న పిండిది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్‌లో బియ్యప్పిండి పొర చేసి లోపల పచ్చిబొప్పాయి కోరు, పెసలు, గుడ్డు, సాసేజ్ పెట్టి వేయిస్తారు. ఇన్ని దేశాల్లో, ఇన్ని పిండులతో, ఇన్ని రకాల కూరలతో చేస్తుంటే "అసలు ఎంపనాడా అంటే వెన్న, గొడ్డుమాంసం, గుడ్డు" అని గీత గియ్యడం నాకు సబబుగా అనిపించదు.

మాంసం లేని ఎంపనాడా కొత్తదీ కాదు. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలంలో కాథలిక్కులు మాంసం మానేవారు. మధ్యయుగాల్లో చాలాచోట్ల పాలు, వెన్న, గుడ్లు కూడా మానవలసి వచ్చేది. చేప మాత్రం తినేవారు. అర్జెంటీనాలో ఈ రోజులకోసం చేసే మాంసం లేని ఎంపనాడాకు ఇప్పటికీ వేరే పేరుంది, చేపతో చేస్తారు. మతం కోసం ఏడాదిలో కొన్నాళ్లు మాంసం లేకుండా చేసుకోగలిగినవాళ్ల వంటకం, ఇంకో మనిషి మనస్సాక్షి కోసం పాలూ గుడ్లూ లేకుండా చేస్తే చెడిపోతుందా?

నాకు ఈ గొడవంతా మా అన్నయ్య కూతురి వల్ల పట్టింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, అక్కడే వీగన్ అయింది. మాంసం, చేప, గుడ్డుతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టదు. సెలవులకు మా ఇంటికి వస్తే మా అత్తగారు పెరుగు గిన్నె పట్టుకుని దాని పక్కన నిలబడి, "పెరుగన్నం కూడా తినకపోతే ఇంకేం తింటావే అమ్మలూ" అనేవారు. ఆవిడ మాటలో కోపం లేదు, దిగులే. మా ఇళ్లల్లో పెరుగన్నం తినకుండా లేస్తే భోజనం సగంలో లేచినట్టే లెక్క. నెయ్యి వెయ్యని పప్పు, ఊరగాయ, అన్నం తిని ఆ పిల్ల లేచిపోయేది. పండగనాడు పిండివంటల పళ్లెం దాని పక్కనుంచి ఇంకొకరి దగ్గరకు వెళ్లిపోయేది. "అత్తా, నాకోసం వేరేగా ఏమీ చెయ్యొద్దు" అంది ఒకసారి. ఆ మాట నన్ను బాగా నొప్పించింది. జంతువులకు బాధ కలగకూడదని ఒక మనిషి నిర్ణయించుకుంటే, అయినవాళ్ల బంతిలో ఆ మనిషికి శిక్ష పడకూడదు. దానికోసం వేరేగా ఒకటి వండి మూల కూర్చోబెట్టడం కూడా పరిష్కారం కాదు. అందరూ చెయ్యి చాపే పళ్లెంలో దానికీ వాటా ఉండాలి.

చుట్టాల్లో కొందరు "పాలు మానడమేమిటి, ఇది పరాయి దేశపు పిచ్చి" అన్నారు. వీగన్ అనే పేరు ఇంగ్లండులో పుట్టిన మాట నిజమే. 1944లో డొనాల్డ్ వాట్సన్, ఆయన స్నేహితులు పెట్టిన పేరు అది. కానీ పాలు లేనిదే బతుకు లేదనే మాట ఈ కొండల్లో నిలబడదు. మా చుట్టూ ఉన్న కొండల్లో చాలా గిరిజన ఊళ్లల్లో పశువు దుక్కికి, పేడకి; పాలు పితికి తాగే అలవాటు పాతకాలం నుంచీ తక్కువే. వాళ్లు మాంసం తింటారు కాబట్టి వాళ్లను వీగన్ అనలేం, అనను కూడా. చోడి (రాగి) అంబలి, కందులు, దుంపలు, ఆకుకూరలు, పనస, పుట్టగొడుగులతో తరాలు గడిపిన మనుషులు మన పక్కనే ఉండగా, పాలు వద్దన్న పిల్లని వింతగా చూడటం మాత్రం అన్యాయం.

ఇక వంట. ముందు పిండి సంగతి చెబుతాను. వెన్న లేకపోతే పొర రాదని భయపడేది ఇక్కడే.

గోధుమపిండిలో నీళ్లు పడగానే బంక పుడుతుంది. ఆ బంక ఎక్కువైతే పొర రబ్బరులా సాగి, కాలాక గట్టిపడుతుంది. నీళ్లకంటే ముందు కొవ్వు కలిపితే అది పిండి రేణువులకు పట్టుకుని బంకను అదుపులో ఉంచుతుంది. కాలిన పొర పళ్లకింద గుల్లగా విరగడానికి కారణం ఇదే. వెన్న చేసే పని ఇంతే. రుచి కూడా ఇస్తుంది, కాదనను. అర్జెంటీనాలో పాతకాలపు పద్ధతిలో వాడేది వెన్న కూడా కాదు, గొడ్డు కొవ్వు. కాబట్టి ఇక్కడ కావలసింది కొవ్వు. అది పాలనుంచే రావాలన్న నియమం లేదు.

నేను పావుకిలో మైదా, యాభై గ్రాముల చోడిపిండి తీసుకుంటాను. చోడిపిండిలో ఆ బంక పుట్టదు, అందుకని మొత్తం పిండిలో ఆరో వంతు దాటనివ్వను. దాటితే అంచు అల్లేటప్పుడు పగుళ్లిస్తుంది. ఆ కొంచెమే అయినా కాల్చినప్పుడు వేయించిన గింజల వాసన వస్తుంది, అది మైదాకి ఎప్పటికీ రాదు. ఈ మూడు వందల గ్రాములకు డెబ్భై అయిదు గ్రాముల కొవ్వు. సగం వేరుశెనగ నూనె, సగం గడ్డకట్టిన కొబ్బరినూనె. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చలికాలం మా ఊళ్లో సీసాలోనే గడ్డకట్టి ఉంటుంది, వేసవిలో కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. అంతా నూనే పోస్తే పొర బిస్కెట్‌లా పొడిపొడిగా రాలుతుంది. గడ్డకట్టిన కొవ్వు కొంత ఉంటే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. సగం సగం అనడం అందుకే.

డాల్డా సంగతి అడుగుతారు. వనస్పతి చెట్ల నూనెలతోనే చేస్తారు, కాబట్టి మా మేనకోడలి నియమానికి అడ్డురాదు. ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి దేశమంతా నిబంధన కూడా ఉంది. అయినా నేను వాడను. నోట్లో పైకప్పుకి అంటుకునే ఆ జిడ్డు నాకు నచ్చదు. కొబ్బరినూనె దొరకనివాళ్లు వాడుకోవచ్చు. మార్గరిన్ మాత్రం డబ్బా మీద చదివి కొనండి, కొన్నింటిలో పాలపొడి కలుస్తుంది.

పిండిలో కొవ్వు వేసి రెండు అరచేతుల మధ్య రుద్దుతూ కలపాలి. చాలిందో లేదో చూడటానికి మా అమ్మ కజ్జికాయల పిండికి చేసే పరీక్షే నేనూ చేస్తాను. పొడిపిండిని గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కి చెయ్యి తెరిస్తే వేళ్ల అచ్చుతో ముద్ద నిలబడాలి, బొటనవేలితో పొడిస్తే రాలిపోవాలి. ముద్ద కట్టకపోతే కొవ్వు చాలలేదు. పొడిస్తే రాలకుండా మెత్తగా దిగబడితే ఎక్కువైంది. ఆ తర్వాత చెంచాడు ఉప్పు కరిగించిన వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ తడపాలి. అర్జెంటీనాలో కూడా ఉప్పునీళ్లు వేడిగానే పోస్తారు. వేడికి పిండి మెత్తబడుతుంది, బంక కొంత తగ్గుతుంది. నూట ముప్ఫై మిల్లీలీటర్ల దాకా పడతాయి, మైదాని బట్టి కొంచెం అటూ ఇటూ. చపాతీ పిండికంటే గట్టిగా ఉండాలి. పూరీపిండి చేతికి అలవాటైనవాళ్లకు ఆ గట్టితనం వెంటనే తెలుస్తుంది. తడిబట్ట కప్పి కనీసం అరగంట వదిలెయ్యాలి, గంటైతే ఇంకా మంచిది. ఇంతకు పన్నెండు ఉండలు వస్తాయి. ఎక్కువమందికి కావాలంటే కొలతలు పెంచుకోవడమే, పిండి కొద్దీ రొట్టె.

మైదా వద్దనేవాళ్లకు బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి ఉన్నాయి. మా జిల్లాలో మొక్కజొన్నకు కొదవ లేదు. కానీ పచ్చి పిండిని చన్నీళ్లతో కలిపితే పొర వత్తలేరు. కొలంబియా, వెనిజులాల్లో వాడేది ముందే ఉడికించి ఆరబెట్టిన మొక్కజొన్న పిండి. మనం మరిగే నీళ్లలో పిండి పోసి, ముద్దగా ఉడికించుకుని (ఉక్కిరి), వేడి తగ్గాక నూనె చేత్తో బాగా మర్దించి ప్లాస్టిక్ కాగితం మీద వత్తుకోవాలి. దీన్ని కాల్చకూడదు, నూనెలో వేయించాలి.

ఇప్పుడు లోపలి కూర. ఎక్కువమంది వీగన్ ఎంపనాడా ఇక్కడే పాడవుతుంది. ఉడికించిన బంగాళదుంప, బఠాణీ, మసాలా కలిపి పెట్టేస్తారు. అది సింగడా (సమోసా) కూర. సింగడా మంచిదే, మా బస్టాండు దగ్గర సాయంత్రం వేడిగా దిగేది నాకూ ఇష్టమే. కానీ ఎంపనాడా కొరికితే లోపలినుంచి రసం రావాలి. మోచేతి దాకా కారకుండా ముందుకు వంగి తినేంత రసం ఉండాలంటారు అక్కడి వాళ్లు. మా అత్తగారు మొదటిసారి చూసి "కారం కజ్జికాయే కదే ఇది" అన్నారు. చేతిపని వరకు ఆవిడ మాట నిజం. వత్తడం, మడవడం, అంచు మూయడం అన్నీ మనకు పుట్టుకతో వచ్చినవే. కానీ కజ్జికాయ పది రోజులు నిలవ ఉండాలి కాబట్టి లోపల అంతా పొడిగా ఉంచుతాం. ఆ అలవాటుతో ఎంపనాడా కూరను కూడా పొడిగా వేయించేస్తే వంటకం చచ్చిపోతుంది. ఇది ఆ పూటే తినాల్సింది, రసమే దీని ప్రాణం.

అంత రసం ఉంటే పచ్చి పిండిపొర నానిపోదా? మాంసం వండేవాళ్లకు దీనికి సులువైన దారి ఉంది. మాంసంలో ఉండే జిగురు ఉడికి రసంలో కలుస్తుంది, చల్లారాక రసం గడ్డకడుతుంది. గడ్డకట్టిన కూరను పొరలో పెట్టి మూస్తారు, పొయ్యిలో మళ్లీ కరుగుతుంది. బొలీవియాలో సాల్తేన్యా అనే రకానికైతే జెలటిన్ విడిగా కలుపుతారు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది కాబట్టి మనకు పనికిరాదు. దాని బదులు కావలసింది చైనా గ్రాస్. పుడ్డింగు కోసం కిరాణా కొట్టులో అమ్ముతారే, అదే. సముద్రపు నాచు నుంచి తీస్తారు. నూట యాభై మిల్లీలీటర్ల రసానికి అర చెంచా పొడి వేసి రెండు నిమిషాలు బాగా మరగనిస్తే చల్లారాక గడ్డకడుతుంది. చైనా గ్రాస్ కరగడానికి 85 డిగ్రీల వేడి కావాలి, మళ్లీ గట్టిపడాలంటే 40 డిగ్రీల కిందికి దిగాలి. అంటే పొయ్యిలో కూర ఉడుకుపట్టాక కరుగుతుంది, కొరికి తినేటంత వేడిగా ఉన్నంతసేపూ రసంగానే ఉంటుంది. ఈ ఒక్క చిట్కా తెలిస్తే మిగతావన్నీ దారికొస్తాయి. నిమ్మరసం వేసుకునేవాళ్లు మాత్రం రసం మరిగి దించాకే పిండాలి. పులుపుతో కలిపి మరిగిస్తే చైనా గ్రాస్ పట్టు సడలుతుంది.

రసం ఇచ్చేది ఉల్లిపాయ. మాంసానికి సమానంగా ఉల్లిపాయ వెయ్యడం అర్జెంటీనాలో మామూలు. నేను పావుకిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, నాలుగు చెంచాల నూనెలో, చిన్న సెగమీద, ఎర్రబడనివ్వకుండా ఇరవై నిమిషాలు మగ్గనిస్తాను. తొందరపడి సెగ పెంచితే వేపుడు వాసన వస్తుంది, తీపి రాదు.

కండలా పళ్లకు తగలడానికి పనసకాయ. ఫిబ్రవరి నుంచి మే దాకా మా సంతలో లేత పనసకాయలకు లోటుండదు. నియమగిరి కొండలమీది డొంగ్రియా కొంధు గిరిజనులు పనస, అనాస, పసుపు, అల్లం, అరటి దించుకుని చాటికొణా బుధవారం సంతకు తెస్తారు. అక్కడినుంచి రాయగడకూ వస్తాయి. గింజ ముదరని కాయే తీసుకోవాలి. కత్తిపీటకి, చేతులకి నూనె రాసుకుని చెక్కు తియ్యకపోతే జిగురు పట్టుకుని రెండు రోజులు వదలదు. చెక్కు తీసిన ముక్కలను పసుపు, ఉప్పు వేసిన నీళ్లలో ఉడికించి, వార్చి, చల్లారాక చేత్తో నలిపితే పీచు పీచుగా విడిపోతుంది. దాన్ని గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. పిండినప్పుడు నీళ్లు పోయి, తర్వాత ఉల్లి రసం, మసాలా అందులోకి ఎక్కుతాయి. పిండకుండా వేస్తే ఎంత కారం వేసినా చప్పగానే ఉంటుంది. ఇలా పిండిన పనస మూడు వందల గ్రాములుంటే పన్నెండింటికి సరిపోతుంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగినవాళ్లకు ఇందులో కొత్తగా నేర్చుకునేదేమీ లేదు.

అయితే పనసలో మాంసకృత్తులు బాగా తక్కువ. పనస పెట్టి "మాంసంతో సమానం" అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. అందుకే ఉడికించిన కందులు ఒక గుప్పెడు కలుపుతాను. పప్పు కాదు, పొట్టుతో ఉన్న గింజలు. మా కొండల్లో పండే కందులు ఉడికినా చితికిపోవు, పళ్లకింద నిలబడతాయి. చైనా గ్రాస్ వేసి మరిగించే రసం వాటిని ఉడికించిన నీళ్లే. ఇంకా రుచి గాఢంగా కావాలంటే పుట్టగొడుగులు. వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగు, ఇక్కడివాళ్లు పాళ ఛొతు అంటారు, వానాకాలంలో బుట్టలకొద్దీ వస్తుంది. దాన్ని సన్నగా తరిగి, నీరంతా ఇగిరిపోయి ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి కూరలో కలిపితే, మాంసం లేదన్న వెలితి నోటికి తెలియదు. మీల్ మేకర్ వాడేవాళ్లను తప్పుపట్టను. కానీ కూర మాంసంలా కనిపించాలని, మాంసం వాసన రావాలని పడే తాపత్రయం నాకు అర్థం కాదు. మా మేనకోడలికి మాంసం రుచి మీద బెంగ లేదు. దానికి కావలసింది మంచి తిండి.

మసాలా చాలా తక్కువ. జీలకర్ర దోరగా వేయించి దంచిన పొడి, రంగుకోసం కాశ్మీరీ కారం, కొంచెం మామూలు కారం, ఉప్పు, మిరియాలు. గరం మసాలా వెయ్యకండి, అది పడితే ఎంపనాడా వాసన పోయి ఇంకేదో అవుతుంది. అర్జెంటీనా కూరలో ముందు తగిలేది జీలకర్ర వాసనే. మిరప, బంగాళదుంప, టమాటా, మొక్కజొన్న, వేరుశెనగ, అనాస అన్నీ అమెరికా ఖండాల నుంచి మనకొచ్చినవి. జీలకర్ర స్పెయిన్ వాళ్ల చేతిమీదుగా ఇటువైపు నుంచి అక్కడికి చేరింది. ఆలివ్ బదులు ఉప్పులో ఊరిన ఉసిరికాయ ముక్క ఒక్కొక్కదానిలో పెడతాను. ఆ ఉప్పదనం, వగరు, పులుపు పక్కనే ఒక ఎండుద్రాక్ష తగిలితే నోటికి ఎంతో బాగుంటుంది. గుడ్డు బదులు ఏమీ పెట్టను. ఆ మెత్తదనం కావాలంటే ఉడికిన బంగాళదుంప ముక్క చాలు.

కూరలో రసం పోసి కలిపి, పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో రెండు గంటలైనా ఉంచాలి. వేడి కూర పెడితే పొరలోని కొబ్బరినూనె కరిగి, అడుగు చినుగుతుంది. పొర అరచేతి వెడల్పున, పూరీకంటే కొంచెం మందంగా ఉండాలి. అంచుకు తడి రాసి, మడిచి, గాలి లేకుండా వేళ్లతో నొక్కి, ఆపైన అల్లిక మొదలుపెట్టాలి. మూల పట్టుకుని లోపలికి మడిచి బొటనవేలితో నొక్కడం, పక్కన మిగిలిన కొసను మళ్లీ మడవడం, అలా చివరిదాకా. కజ్జికాయల అచ్చు వాడితే అంచు పలచగా ఉండి రసం కారిపోతుంది. చేత్తోనే చెయ్యాలి.

అర్జెంటీనాలో దుకాణాలవాళ్లు లోపలి కూరను బట్టి అంచు అల్లిక మారుస్తారు. చూడగానే ఏది ఏమిటో తెలుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మా ఇంట్లో చేపా తింటారు, మాంసమూ తింటారు. అల్లిక అంచువి వీగన్, ఫోర్కుతో నొక్కిన అంచువి రొయ్యలవి. పిండి ఒకటే, అందులో పాలూ గుడ్డూ లేవు కాబట్టి అందరికీ సరిపోతుంది. కాల్చేటప్పుడు మాత్రం వీగన్‌వి ముందు వాయిలో కాల్చి, తర్వాత మిగతావి. బల్లమీదకు ఒకే పళ్లెం వస్తుంది. మా అత్తగారికి కళ్లు సరిగా కనబడకపోయినా వేలితో తడిమి ఏదో చెప్పగలరు, ఆవిడ చేతులారా అమ్మలూకి అల్లిక అంచుది అందిస్తారు.

ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు. లేనివాళ్లు మందపాటి గిన్నెలో రెండంగుళాల ఇసుక పోసి, మూతపెట్టి పదిహేను నిమిషాలు కాచి, లోపల స్టాండు మీద పళ్లెం పెట్టి కాల్చుకోవచ్చు. ముప్పావుగంట దాకా పడుతుంది. ఇసుక పద్ధతిలో అడుగు బాగా కాలుతుంది, పైన మాత్రం తెల్లగా ఉండిపోతుంది. దీనికి మందు మా పక్కింటి ఒడియా పిన్నిగారి దగ్గర దొరికింది. రొజొ పండక్కి ఆవిడ పొడొ పిఠా అనే బియ్యప్పిండి రొట్టె కాల్చేటప్పుడు రేకు మూతమీద కూడా నిప్పులు పోస్తారు. కిందా పైనా సెగ. కుంపటి ఉన్నవాళ్లు ఇదే చెయ్యండి. చివరి పది నిమిషాలు మూతమీద నిప్పులుంటే పైపొర ఎర్రగా వస్తుంది. గుడ్డు సొన రాసేది రంగు కోసమే కాబట్టి, దాని బదులు చెంచా నూనెలో చెంచా బెల్లం నీళ్లు, చిటికెడు పసుపు గిలక్కొట్టి రాస్తే చాలు. నిగనిగలాడే మెరుపు రాదు, రంగు వస్తుంది. వేయించుకుంటామంటే అదీ తప్పుకాదు, అర్జెంటీనా ఉత్తరాన నూనెలోనో కొవ్వులోనో వేయించే అలవాటు ఉంది. అప్పుడు పిండిలో కొవ్వు మూడో వంతు తగ్గించాలి, లేకపోతే మూకుట్లో విచ్చిపోతాయి.

ఒక్క ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పాలి. కార్తీకం చివరి అయిదు రోజులు, పంచుక అంటారు, ఒడియా ఇళ్లల్లో చేప తినేవాళ్లు కూడా మానేస్తారు. కొంగ కూడా ఆ రోజుల్లో చేప ముట్టదని సామెత. ఉల్లి, వెల్లుల్లి కూడా చాలా ఇళ్లల్లో ఉండవు. ఆ రోజుల్లో చేసిపెట్టమని పిన్నిగారు అడిగారు. ఉల్లి లేకపోతే రసం ఎక్కడిది? ఎంపనాడాలో గుమ్మడికాయ పెట్టే అలవాటు లాటిన్ అమెరికాలో ఉన్నదే, మెక్సికోలో తీపిగా చేస్తారు. నేను పండిన గుమ్మడికాయ కోరి, ఉప్పు చల్లి, ఊరిన నీటిని పారబొయ్యకుండా కందుల నీళ్లతో కలిపి చైనా గ్రాస్ వేసి మరిగించాను. పనస దొరకని రోజులు కాబట్టి ఉడికించి కోరిన పచ్చి అరటికాయ, కందులు, గుమ్మడి కోరు, జీలకర్ర. ఉల్లి తీపి గుమ్మడి ఇచ్చింది, ఘాటు మాత్రం చాలలేదు. అందుకని అల్లం ఎక్కువగా వేసి, నూనెలో ముందే బాగా వేయించుకోవాలి. ఇంగువ చిటికెడు చాలు, ఎక్కువైతే సాంబారు గుర్తొస్తుంది.